మూడు సీసీల ముచ్చట

మూడు సీసీ! మన స్ప్లెండర్ బండి ఇంజను 97 సీసీ చిల్లర. బుల్లెట్‌ది దగ్గర దగ్గర 350. నేను చెప్పబోయేది 3 సీసీ ఇంజను సంగతి. దగ్గు మందుతో పాటు వచ్చే చెంచాలో 5 సీసీ పడుతుంది. ఈ ఇంజను బోరు ఆ చెంచాను కూడా నింపలేదు. అంత ఇరుకు జాగాలో పిస్టను, ఇంజను పూర్తి ఊపులో ఉన్నప్పుడు, నిమిషానికి 30,000 సార్లు ఆడుతుంది. అంటే సెకనుకు 500 సార్లు పైకి, 500 సార్లు కిందికి. టూ స్ట్రోక్ కాబట్టి పైకి వెళ్ళిన ప్రతిసారీ లోపల ఓ మంట. ఒక్క సెకనులో 500 మంటలు, అన్నీ గుప్పిట్లో పట్టే లోహపు ముద్దలో! ఈ లెక్క తెలిసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఇంట్లో వాళ్ళు వినీ వినీ విసిగిపోయారు కాబట్టి ఇప్పుడు మీ వంతు.

దీన్ని చూసింది కండ్లకోయలో. హైదరాబాద్ నుంచి పోయే నాగపూర్ హైవే మీద, మేడ్చల్‌కి ఇవతల, ఔటర్ రింగు రోడ్డు హైవేని దాటే చోటు. 158 కిలోమీటర్ల ఔటర్‌కి ఆఖరి అతుకు పడింది కూడా ఇక్కడే, 2018 మేలో. సీఎంఆర్ వాళ్ళ కాలేజీలు, గోదాములు, అడవి అంచున ఆక్సిజన్ పార్కు, వాటి వెనకాల ఎటు చూసినా ప్లాట్ల వెంచర్లు. వెంచర్ అంటే తెలిసిందే కదా. నల్లగా నిగనిగలాడే తారు రోడ్లు వేస్తారు, కరెంటు స్తంభాలు పాతుతారు, హద్దు రాళ్ళకు సున్నం కొడతారు, ఇళ్ళు మాత్రం ఏళ్ళు గడిచినా లేవవు. రియల్ ఎస్టేట్ వాళ్ళు తమకు తెలియకుండానే ఇంజనీరింగ్ పిల్లలకు రేసు ట్రాకులు కట్టి పెట్టారు. అలాంటి ఓ ఖాళీ రోడ్డు మీదకి మెకానికల్ చదివే మా మేనల్లుడు నన్ను పట్టుకెళ్ళాడు.

రిమోట్ కారంటే నాకు తెలిసింది తిరునాళ్ళలో కొనే బ్యాటరీ బొమ్మ. వీళ్ళ దగ్గరున్నది వేరే జాతి. అసలు కారులో పదో వంతు కొలత, మూరెడు పొడవు. దానికి పెట్రోలు ట్యాంకులాంటి ట్యాంకు, కార్బురేటరు, సైలెన్సరు, క్లచ్చు, గేర్లు, డిస్క్ బ్రేకు కూడా ఉన్నాయి. చేతిలో ఉండే రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అది చేసేదల్లా రెండు చిన్న మోటార్లకు సంకేతం పంపడమే. ఒకటి చక్రాలు తిప్పుతుంది, రెండోది కార్బురేటరు తెరిచి మూస్తుంది. మిగతా బండి అంతా నిప్పు మీదే నడుస్తుంది. ఐఐటీ బొంబాయి టెక్‌ఫెస్ట్‌లో ‘ఫుల్ థ్రాటిల్’ పేరుతో ఇలాంటి ఇంజను కార్లకే పోటీ పెడుతూ వచ్చారు. దేశంలో చాలా ఇంజనీరింగ్ కాలేజీల పండగల్లో ఈ పందేలు ఉంటాయట. ఇన్నాళ్ళూ నాకెవరూ ఎందుకు చెప్పలేదో!

అయితే ఒక మాట. ఇది పరుగెత్తితే చూసి మురిసిపోని వాడు ఉండడు. నేను పడిపోయింది మాత్రం అది స్టార్టు కాని తీరుకి. నేను వెళ్ళేసరికి నలుగురు కుర్రాళ్ళు, ఓ అమ్మాయి రోడ్డు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. కారు బోర్లా పడి ఉంది. ఒకడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఇంజనుకి వేడిగాలి కొడుతున్నాడు. వైరు పక్కనున్న వాచ్‌మన్ గదిలోంచి వచ్చింది. రెండోవాడు ఇంజను నుంచి తీసిన ప్లగ్గును ఆకాశం వైపు ఎత్తి పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినంత శ్రద్ధగా చూస్తున్నాడు. స్టార్టు కాని చేతక్ స్కూటర్‌ని పక్కకి వంచి, ప్లగ్గు తుడిచి, మళ్ళీ కిక్కు కొట్టిన తరం మాది. ఆ దృశ్యం చూడగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఈ ఇంజనుకి కిక్కు ఉండదు. వెనకవైపు ఓ చిన్న డబ్బా, అందులోంచి బయటికి ఓ పిడి. పిడి పట్టుకుని గుంజితే తాడు వస్తుంది, తాడుతో ఇంజను తిరుగుతుంది. జనరేటర్లకీ, గడ్డి కోసే మిషన్లకీ ఉండే ఏర్పాటే, కాకపోతే పిల్ల సైజులో. డబ్బున్న కార్లకు తాడు బదులు కరెంటు మోటారు ఉంటుంది, ఓ కర్రలాంటి పరికరం గుచ్చి మీట నొక్కితే చాలు. పందేల వాళ్ళ దగ్గర ఇంకో రకం. ఓ పెట్టె మీద కారును పెట్టి నొక్కితే, పెట్టెలోని రబ్బరు చక్రం ఛాసిస్‌కి ఉన్న రంధ్రంలోంచి ఫ్లైవీల్‌ని తిప్పుతుంది. అవి సుఖమే. కానీ ఈ విద్యలో అసలు రుచి తాడులోనే ఉందని నా నమ్మకం. ఎందుకంటే తాడు మాట్లాడుతుంది. లోపల ఏ జబ్బు ఉన్నా మొదట మన చేతికే చెబుతుంది. మోటారు మీట నొక్కేవాడికి ఆ కబురు అందదు.

“గుంజు మామా,” అన్నాడు మావాడు. గుంజాను. తాడు రాలేదు. మగతనం గుర్తొచ్చి బలం పెట్టబోయాను. అందరూ ఒక్కసారి అరిచారు.

“ఆగు మామా! రానిదాన్ని గుంజొద్దు. కనెక్టింగ్ రాడ్ వంగుతది!”

ఇక్కడ మొదలైంది నా చదువు. తాడు రాకపోవడానికి మామూలుగా కనిపించే మొదటి కారణం, లోపల ఇంధనం నిండిపోవడం. ట్యాంకులోంచి కార్బురేటరుకి ఇంధనం రావడానికి స్టార్టు చేసే ముందు సైలెన్సరు గొట్టాన్ని వేలితో మూసి కొన్నిసార్లు గుంజుతారు. అప్పుడు సైలెన్సరులోంచి ట్యాంకుకి వెళ్ళే సన్న గొట్టం గుండా ఒత్తిడి పోయి ఇంధనాన్ని ముందుకు నెడుతుంది. ట్యూబు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఇంధనం కార్బురేటరు గుమ్మం దాకా రావడం కళ్ళారా కనిపిస్తుంది. అక్కడితో ఆపాలి. ఆత్రంతో ఇంకా గుంజితే సిలిండరు నిండిపోతుంది. గాలి నొక్కితే నలుగుతుంది, ద్రవం నలగదు. పిస్టను పైకి వచ్చాక దాని నెత్తిన మిగిలే జాగా కొన్ని చుక్కలంతే. ఆ జాగాలో ద్రవం కూర్చుంటే పిస్టను పైకి పోలేదు, తాడు కదలదు. ఇంకా బలం పెడితే ఇంజనులో ఏది బలహీనమో అది పోతుంది. తాడు తెగితే అదృష్టం.

విరుగుడు ఎంత తేలికో! ప్లగ్గు విప్పారు, కారును బోర్లించారు, తాడు గుంజారు. ప్లగ్గు రంధ్రంలోంచి ఇంధనం పిచికారీలా చిమ్మింది. మొహం దూరంగా పెట్టమని ముందే హెచ్చరించారు, అది కళ్ళలో పడితే ప్రమాదం. చిమ్మడం ఆగాక కొత్త ప్లగ్గు బిగించారు. తాడు వెన్నలా వచ్చింది.

కానీ అదే రోగ లక్షణానికి రెండో కారణం ఉంది, అదింకా వింత. ప్లగ్గు తీశాక కూడా తాడు ఒకచోట పట్టేస్తే లోపల నిండింది ఇంధనం కాదన్నమాట. ఈ ఇంజన్లలో పిస్టనుకి రింగులు ఉండవు. రింగు లేకుండా కంప్రెషన్ నిలవాలంటే బోరు పైభాగాన్ని అతి స్వల్పంగా సన్నగా చెయ్యాలి. పిస్టను పైకొచ్చేసరికి బోరు దాన్ని గట్టిగా కౌగిలించుకుంటుంది. కొత్త ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఈ కౌగిలి ఎంత బిగువంటే చేత్తో దాటించడం కష్టం. దీన్ని ఏబీసీ ఇంజను అంటారు. పిస్టను అల్యూమినియం, సిలిండరు గొట్టం ఇత్తడి, లోపల క్రోమ్ పూత. వేడెక్కితే ఇత్తడి గొట్టం పిస్టను కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, కౌగిలి సడలుతుంది, పిస్టను హాయిగా ఆడుతుంది. అంటే ఈ ఇంజను కొలతలన్నీ వేడిగా ఉన్నప్పటి కోసం చేసినవి. చల్లగా ఉన్న ఇంజను తప్పుగా ఉన్నట్టు కనిపించడమే దానికి ఒప్పు! అందుకే హెయిర్ డ్రయ్యర్. హెడ్డు చేతికి చురుక్కుమనే దాకా వేడిగాలి కొట్టి అప్పుడు తాడు పట్టుకుంటారు. డిసెంబరు ఉదయం కండ్లకోయలో అదే పెద్ద పని. మేలో సూర్యుడే ఆ పని చేసిపెడతాడు.

ఇందులోంచి పుట్టిన ఓ అలవాటు నాకు భలే నచ్చింది. సాయంత్రం ఆట అయ్యాక, కారు సంచిలో పెట్టే ముందు, ఫ్లైవీల్‌ని స్క్రూడ్రైవరుతో మెల్లగా తిప్పి పిస్టనును బోరు అడుగుకి దించుతారు. పైన వదిలేస్తే చల్లారుతున్న గొట్టం దాన్ని పట్టేసి కూర్చుంటుంది. రాత్రి పడుకునే ముందు దీపం ఘనం చేసినంత నియమంగా ఈ పని చేస్తారు.

మూడో కారణం బద్ధకస్తులది. పరీక్షలని కారును నెలల తరబడి మూలన పడేస్తే, ఇంధనంలోని నూనె లోపల జిగురులా గడ్డ కట్టి ఇంజను బిగుసుకుంటుంది. దానికీ మందు వేడే, కాస్త నూనె, బోలెడు ఓపిక.

ఇక తాడు రాకపోవడం సరే, మరీ తేలిగ్గా వచ్చేస్తే? గుంజితే బరువే తెలియకుండా సర్రున వచ్చేస్తుంది, ఇంజను మాత్రం కదలదు. ఇక్కడ నాకు పరిచయమైన వస్తువు పేరు వన్ వే బేరింగు. ఆ డబ్బాలో తాడు చుట్టిన చక్రం మధ్యలో ఉంటుంది, వేలి గోరంత. లోపల సూదుల్లాంటి రోలర్లు, ప్రతి రోలరుకీ వెనక ఓ చిన్న వాలు. ఒకవైపు తిప్పితే రోలర్లు వాలు ఎక్కి ఇరుసును ఇరికించి పట్టేస్తాయి. రెండోవైపు తిప్పితే వాలు దిగి వదిలేస్తాయి. తాడు గుంజినప్పుడు పట్టు, ఇంజను అందుకోగానే విడుపు. ఇంజను 30,000 చుట్లు తిరుగుతున్నా తాడు చక్రం తొణక్కుండా కూర్చోవడం దీని చలవే. పళ్ళు లేవు, కొక్కెం లేదు, మీట లేదు. ఒక వాలూ ఒక రోలరూ కలిసి తలుపుకి కాపలా కాస్తున్నాయి! ఇదే రకం బేరింగు జిరాక్స్ మిషన్లలో కాగితం లాగే రోలర్ల దగ్గర కూడా ఉంటుందని తెలిసి నేను మా వీధి జిరాక్స్ షాపు మిషన్ వంక గౌరవంగా చూడటం మొదలుపెట్టాను.

దీనికి శత్రువు నూనె జిడ్డు. ఇంజను వెనక మూత సందుల్లోంచి కారిన నూనె రోలర్ల మధ్య చేరితే అవి వాలు ఎక్కలేక జారుతాయి. విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె ఒక్క చుక్క వేస్తే మళ్ళీ పట్టేస్తుంది. గ్రీజు పెట్టారో, మళ్ళీ మొదటికే. కడిగినా జారుతుంటే ఇరుసు మీద గోటితో రాసి చూడాలి. రోలర్లు తిరిగిన చోట గాడి పడి ఉంటే ఇరుసే మార్చాలి. కొలత తీసుకుని రాణిగంజ్ బేరింగు షాపుల్లో వెతికితే బేరింగు దొరికే అవకాశం ఉంది. ఇరుసు అరిగితే బాలానగర్ లేతు వాళ్ళున్నారు. ఊరికి ఉత్తరాన ఉండటం వల్ల ఈ పిల్లలకు ఇది పెద్ద వరం. మిల్లీమీటరులో పదో వంతు తేడా చూపిస్తే నవ్వకుండా వినే మనుషులు దారిలోనే ఉన్నారు.

తాడు వచ్చి, మళ్ళీ లోపలికి పోకపోవడం ఇంకో బాధ. లోపలి చుట్ట స్ప్రింగు కొస ఊడి ఉంటుంది, లేదంటే డబ్బా స్క్రూలు ఒకవైపు ఎక్కువ బిగించి ఉంటారు. స్క్రూలు కాస్త వదులు చేసి చూడటం ముందు. స్ప్రింగే అయితే డబ్బా విప్పేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోవాలి, ఆ ఉక్కు రేకు పాములా లేస్తుంది. ఇదంతా రాకుండా ఉండాలంటే తాడును జానెడున్నర మించి గుంజకూడదు. చిన్నచిన్నగా, టకటకా గుంజాలి. మావాడి మాటల్లో, “బావిల చేద గుంజినట్టు గుంజుతరు అందరు. ఇది గట్ల గాదు.”

సరే, తాడు బాగుంది, ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు ప్లగ్గు. ఇక్కడికి వచ్చేసరికి నేను నిజంగా నోరు తెరిచాను.

స్కూటర్ ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది, దానికి మాగ్నెటో, కాయిలు, పాయింట్లు కావాలి. ఈ ఇంజనుకి అవేవీ లేవు. ప్లగ్గు అడుగున ఓ చిన్న గుంట, అందులో వెంట్రుక లాంటి తీగ చుట్ట. ప్లాటినం కలిసిన తీగ అది. స్టార్టు చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు లోపు బ్యాటరీ ఉన్న ఓ గొట్టాన్ని ప్లగ్గు నెత్తిన తగిలిస్తారు, తీగ ఎర్రగా కాగుతుంది. ఇంజను అంటుకోగానే ఆ గొట్టం తీసేస్తారు. ఆ తర్వాత ఏ కరెంటూ లేదు! మరి తీగ ఎలా వెలుగుతోంది? మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకితే, ఆ లోహం తాను ఖర్చు కాకుండానే దాన్ని మండిస్తుంది. ఆ వేడీ, అంతకు ముందు మంట వేడీ, పిస్టను నొక్కుడు వేడీ కలిసి తీగను ఆరనివ్వవు. సెకనుకు 500 సార్లు.

దీనికి మూలం 1817లో ఉంది. గనుల్లో వాడే దీపాన్ని తయారు చేసిన హంఫ్రీ డేవీయే, వేడి ప్లాటినం తీగ మండే వాయువు కలిసిన గాలిలో మంట లేకుండానే వెలుగుతూ ఉండటం గమనించాడు. రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరకం అని పదో తరగతిలో బట్టీ పట్టించే మాటకు తొలి సాక్ష్యాల్లో అదొకటి. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన ఆ కిటుకును బొమ్మ విమానాల ఇంజన్లకు ప్లగ్గుగా మార్చి అమ్మాడు. బరువైన కాయిలూ బ్యాటరీ మొయ్యక్కర్లేకపోయేసరికి చిన్న ఇంజన్ల లోకమే మారిపోయింది. డేవీ చూసిన ఆ తీగ ఇప్పుడు కండ్లకోయ వెంచరు రోడ్డు మీద ఓ కుర్రాడి చేతిలో ఉంది!

ప్లగ్గు పరీక్ష ఒక్క నిమిషం పని. విప్పి, బ్యాటరీ గొట్టానికి తగిలించి, నీడలో చూడాలి. తీగ అంతా కణకణలాడుతూ నారింజ రంగులో వెలగాలి. సగం వెలిగి సగం నల్లగా ఉంటే పారెయ్యాలి. అసలు వెలగకపోతే ప్లగ్గును తిట్టే ముందు బ్యాటరీని అనుమానించాలి, చాలాసార్లు దొంగ అదే. తీగ తడిగా నల్లగా ఉంటే ఇంధనం ఎక్కువ పోతోంది. తెల్లగా పాలిపోయి వంకర పోతే తక్కువ పోతోంది, ఇంజను మాడుతోంది. ఓ మూలన పడేసిన పాత ప్లగ్గుల డబ్బా చూపించారు నాకు. ఒక్కొక్కదాన్నీ తీసి అది ఏ రోగంతో పోయిందో చెప్పారు. అనుభవమున్న వైద్యులు కూడా అంత నమ్మకంగా చెప్పరు.

బ్యాటరీ గొట్టం ఉన్నంతసేపు ఆడి, తీయగానే ఆగిపోతే ప్లగ్గు అలిసిపోయిందని గానీ, తక్కువ వేగానికి ఇంధనం మరీ ఎక్కువైందని గానీ అర్థం. అంటుకున్న వెంటనే పిచ్చి పట్టినట్టు రేసు అయి ఆగిపోతే, ఎక్కడో దొంగగాలి లోపలికి దూరుతోంది. కార్బురేటరు మొదట్లో రబ్బరు చుట్టు, వెనక మూత ప్యాకింగు, ఇంధనం ట్యూబుకి సూది మొనంత చిల్లు, ఇవి వెతకాలి. స్టార్టు కాగానే చక్రాలు తిరిగి ఆగిపోతే క్లచ్చు స్ప్రింగు. ఇలా చెప్పుకుంటూ పోతే పొద్దు పోతుంది. ఇంధనం ఎంత పోవాలో సరిచేసే కార్బురేటరు సూదుల గురించి ఒక్క మాట చాలు. ఎవడు ముందు సూదులు తిప్పుతాడో వాడు పొద్దు గుంకేదాకా తిప్పుతూనే ఉంటాడు. నిన్న బాగా నడిచిన ఇంజను ఇవాళ స్టార్టు కాకపోతే తప్పు సూదిది అయ్యే అవకాశం తక్కువ. ముందు ప్లగ్గు, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత ట్యూబు. సూది ఆఖరున, అదీ గడియారంలో నిమిషాల ముల్లు అయిదు నిమిషాలు జరిగినంతే.

ఇప్పుడు ఇంధనం. ఆ సీసా గురించి చెప్పకుండా ఉండలేను. ఎక్కువ భాగం మిథనాల్, నూటికి పదహారో ఇరవయ్యో పాళ్ళు నైట్రోమీథేన్, మిగతాది నూనె. పెట్రోలు కిలో కాలాలంటే పద్నాలుగున్నర కిలోల పైన గాలి కావాలి. మిథనాల్‌కి ఆరున్నర కిలోలు చాలు. నైట్రోమీథేన్‌కి కిలో ముప్పావు కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఆక్సిజన్‌ను అది తన ఒంట్లోనే మోసుకొస్తుంది. అందుకే చెంచాడు గాలితో ఇంత ఇంధనం కాల్చి, ఆ 3 సీసీల ముద్ద ఒక హార్స్‌పవర్ దగ్గర్లో పుట్టిస్తుంది. మిథనాల్‌కి ఇంకో గుణం, ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా సుమారు మూడింతల వేడి తాగుతుంది. ఇంజనును చల్లగా ఉంచేదీ అదే, చలి పొద్దున స్టార్టు కాకుండా ఏడిపించేదీ అదే.

ఆ మిథనాల్‌కీ మన ఊరికీ చుట్టరికం ఉంది. బూడిద ఎక్కువుండే మన దేశపు బొగ్గు నుంచి మిథనాల్ తీసే తొలి ప్రయోగాత్మక ప్లాంటు హైదరాబాద్‌లోని బీహెచ్‌ఈఎల్ పరిశోధన కేంద్రంలోదే. రోజుకు పావు టన్ను తీసే దాన్ని 2022 జనవరిలో ప్రారంభించారు.

ఇక నూనె. చాలా సీసాల్లో సింథటిక్ నూనెతో పాటు కలిపేది ఏమిటనుకున్నారు? ఆముదం! సైలెన్సరు నుంచి నీలంగా పొగ వచ్చినప్పుడు నా ముక్కు ముందే పసిగట్టింది, నమ్మలేకపోయాను. మా అమ్మమ్మ తలకు పెట్టిన ఆముదం. ఎంత వేడిలోనైనా లోహాన్ని వదలకుండా పొరలా అంటుకుని ఉంటుందట. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో పోసింది ఇదే. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు పుట్టింది కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే, 1909లో. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో వానను నమ్ముకుని తరతరాలుగా పండించిన పంట. 1977లో మొదలై నేటికీ రాజేంద్రనగర్‌లో ఉన్న నూనెగింజల పరిశోధన సంస్థ చూసే పంటల్లో ఆముదం ముఖ్యమైనది. ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండించేది మన దేశమే. అమెరికా వాడి ప్లగ్గు, చైనా వాడి కారు, దాన్ని మాడిపోకుండా కాపాడుతున్నది మన చెల్క గింజ. ఇంతకన్నా సంతోషం ఏముంది!

సంతోషంతో పాటు భయమూ చెప్పాలి. మిథనాల్ విషం. లోపలికి పోతే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. చర్మంలోంచి కూడా ఇంకుతుంది. దాని మంట పట్టపగలు కంటికి కనిపించదు, అంటుకున్న సంగతి చెయ్యి కాలాక తెలుస్తుంది. అందుకే వీళ్ళు చేతి తొడుగులు వేసుకుంటారు, పక్కన తడి గోనె పెట్టుకుంటారు, సీసా మూత ఒక్క క్షణం కూడా తెరిచి ఉంచరు. మూత తెరిచి ఉంచితే ఇంకో నష్టం, మిథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో ఇంజను స్టార్టు కాకపోతే సీసానే అడగాలి, ఎన్నాళ్ళ నుంచి తెరిచి ఉన్నావని. ఆట అయ్యాక ట్యాంకులో చుక్క మిగలకుండా తీసేసి ఇంజనులో నూనె వేస్తారు. నైట్రోమీథేన్ కాలగా మిగిలినదానికి ఆమ్ల గుణం ఉంటుంది, తేమ తోడైతే రాత్రికి రాత్రే బేరింగులు తుప్పు పడతాయి.

చివరికి ఆ సాయంత్రం అది అంటుకుంది. ముందు తుప్పుమంది, తర్వాత గొణిగింది, తర్వాత ఒక్కసారిగా చెవులు గింగురుమనేలా పాడింది. అదుపులేని కందిరీగల తుట్టె, అంతకన్నా పై స్థాయి. హెడ్డు మీద ఓ నీటి చుక్క వేసి చూశారు, మూడు నాలుగు క్షణాల్లో చుయ్‌మని ఎగిరిపోతే వేడి సరిగ్గా ఉన్నట్టట. కారు వెంచరు రోడ్డు చివరిదాకా వెళ్ళి, నీలి పొగ గీత గీసి, తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎంత దూరం వెళ్ళిందో, ఎంత వేగంగా వెళ్ళిందో నాకు పట్టలేదు. నా చూపంతా ఆ పిడి మీదే, మళ్ళీ ఎప్పుడు ఆగిపోతుందా, తాడు నా చేతికి ఎప్పుడిస్తారా అని.

తెలిసిన వాళ్ళు అంటారు, ఇప్పుడు బ్యాటరీ కార్లే గొప్ప అని. నిజమే. లిథియం బ్యాటరీ పెట్టిన కారు దీన్ని వేగంలో సులువుగా దాటేస్తుంది. మీట నొక్కితే పోతుంది, పొగ లేదు, గోల లేదు, విషం లేదు. చేతికి జిడ్డు అంటదు. పందెం గెలవాలనుకునే వాడు అదే కొనుక్కోవాలి, అందులో నాకు వాదన లేదు. కానీ మెకానికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి నాలుగేళ్ళలో ఒక్క వస్తువు కొనిపెట్టమంటే, నేను కళ్ళు మూసుకుని ఈ మొండి ఘటాన్నే కొనిపెడతాను. లోహాల వ్యాకోచం, ఉత్ప్రేరకం, ద్రవాల ఒత్తిడి, ఘర్షణ, దహనం, అన్నీ ఒక్క తాడు కొసన దొరుకుతున్నాయి, పైగా తప్పు చేస్తే అక్కడికక్కడే మొరాయించి చూపిస్తుంది. ల్యాబు రికార్డులో పోయినేటి సీనియర్ల రీడింగులు దింపుకున్నట్టు దీని దగ్గర కుదరదు.

కాలేజీల వాళ్ళకు ఓ విన్నపం. అంత స్థలం ఉంది మీకు. ఇళ్ళకు దూరంగా ఓ మూల కాస్త తారు వేసి, మంటలార్పే సిలిండరు ఒకటి తగిలించి, ఓ లెక్చరర్‌ని కాపలా పెట్టి, ఈ పిల్లలకు ఇవ్వండి. వెంచర్ల రోడ్ల మీద ఎవరో ఒకరు ఇల్లు కట్టక మానరు, అప్పుడు వీళ్ళు ఎక్కడికి పోతారు? మిగతావాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆదివారం పొద్దున మేడ్చల్ వైపు పనిబడి వెళ్ళినప్పుడు, ఆముదం వాసనా కందిరీగ మోతా కలిసి వస్తే బండి పక్కకు తీసి ఆగండి. ఓసారి తాడు గుంజనిమ్మని అడగండి, కాదనరు. రాకపోతే మాత్రం బలం పెట్టకండి.